మూతల లెక్క

నేను పుట్టి పెరిగింది దివిసీమలో. అక్కడ నీళ్ళంటే కాలవ. కాలవ లేని చోట చేతిపంపు. కాస్త లోతుకి గొట్టం దింపితే చాలు నీళ్ళు వస్తాయి, కాకపోతే ఉప్పగా ఉన్నాయని తిట్టుకుంటాం. ఎంత లోతుకి పోయినా చుక్క దొరకని నేలలు ఉంటాయనీ, దొరకనప్పుడు ఆ తవ్విన బొక్క అక్కడే మిగిలిపోతుందనీ తిరువూరు వచ్చేదాకా నాకు తెలియదు. తెలిసి ఉంటే పిల్లల్ని ఆ ప్రశ్న అడిగేదాన్ని కాదేమో.

మా బడి ఊరు అయిపోయి తోటలు మొదలయ్యే చోట ఉంటుంది. ముందు విస్సన్నపేట వెళ్ళే రోడ్డు. వెనక ఎంత దూరం చూసినా మామిడి చెట్లే. బస్టాండు దగ్గర షేర్ ఆటో ఎక్కితే డ్రైవరు అడక్కుండానే బడి ముందు ఆపేవాడు. టీచర్లం ఇద్దరమే, హెడ్మాస్టరు గారూ నేనూ. ఆయన ఈ ప్రాంతం మనిషి, రిటైర్మెంటుకి దగ్గరపడ్డారు. తరాలుగా వ్యవసాయం చేసే ఇల్లు వాళ్ళది. ఆయనకీ ఎక్కడో తోట ఉందని విన్నాను గానీ ఎప్పుడూ చూడలేదు. పిల్లల మీద చెయ్యెత్తగా నేను చూడలేదు. నన్ను అమ్మా అని పిలిచేవారు. కోపం వస్తే మాత్రం మేడం అనేవారు.

నాలుగో తరగతి లెక్కల పుస్తకం చివరికి వచ్చేసరికి, సమాచారం పోగుచేసి బొమ్మల్లో చూపించే పాఠం ఒకటి ఉంటుంది. ఒక్కో వస్తువుకి ఒక్కో బొమ్మ గీస్తే అది పటచిత్రం. బొమ్మల బదులు లెక్కకి తగ్గ ఎత్తులో కడ్డీలు గీస్తే కమ్మీ చిత్రం. పిల్లలు ఒకదాన్ని బొమ్మల లెక్క అనీ ఇంకోదాన్ని కడ్డీల లెక్క అనీ అనేవాళ్ళు, నేనూ అలాగే అనేదాన్ని. పిల్లలు ఇష్టపడే పాఠం. ఎక్కాలు అప్పజెప్పక్కర్లేదు, స్కెచ్ పెన్నులు బయటికి తీయొచ్చు.

పుస్తకంలో ఇచ్చింది, మీకిష్టమైన పండు ఏది అని. ఖాళీ అగ్గిపెట్టెలు పోగేసి తీసుకెళ్ళాను. ఒక్కొక్కరూ వచ్చి తమకిష్టమైన పండు పేరు ముందు ఒక అగ్గిపెట్టె పెట్టాలి. అందరూ మామిడి దగ్గరే పెట్టారు. ఒక్క పిల్లవాడు జామ దగ్గర పెట్టాడు, మామిడి తింటే సెగ్గడ్డలు లేస్తాయని వాళ్ళమ్మ తిననివ్వదట. మామిడి దొంతర ఊగి ఊగి బల్ల మీంచి పడిపోయింది. అందరం నవ్వుకున్నాం. పోల్చడానికి రెండు మూడు రకాలైనా లేకపోతే ఆ పాఠం నడవదు. ఇంకో విషయం వెతుక్కోవలసి వచ్చింది.

ఎండలు ముదురుతున్న కాలం. ఒంటిపూట బడులు మొదలయ్యాయి. పిల్లల నోట బోర్ల మాట తప్ప ఇంకోటి వినపడేది కాదు. మా నాన్న బోరు వేయించాడు, పడలేదు. మా బాబాయికి పడింది గానీ అప్పుడే నీళ్ళు తగ్గి గాలి కొడుతోంది. అన్నాల దగ్గర కూర్చున్నా ఇవే కబుర్లు. సరే, వాళ్ళకి బాగా తెలిసిన సంగతే లెక్క వేయిద్దాం అనుకున్నాను. మీ పొలంలోనో తోటలోనో బోర్లు ఎన్ని, నీళ్ళున్నవి ఎన్ని, లేనివి ఎన్ని, ఇంట్లో అడిగి రమ్మన్నాను. సొంత పొలం లేనివాళ్ళు అమ్మానాన్నలు పనికి వెళ్ళే చోటు సంగతి అడిగి రావాలి.

మర్నాడు పెద్ద చార్టు నేల మీద పరిచి మొదలుపెట్టాం. నీళ్ళున్న బోరుకి నీలం చుక్క. లేనిదానికి లోపల ఏమీ నింపని సున్నా. పిల్లలు ఒకరి తర్వాత ఒకరు మోకాళ్ళ మీద కూర్చుని గీశారు. నీలం చుక్కల వరస చార్టులో సగానికి కూడా రాలేదు. సున్నాల వరస చివరిదాకా పోయింది, ఇంకా గీయవలసినవాళ్ళు మిగిలే ఉన్నారు. ఒకడు సుద్దముక్క తీసుకుని గచ్చు మీద గీయబోయాడు. నాకు లోపల సంతోషమేసింది. చెప్పాలనుకున్న సంగతికి సందర్భం తనంతట తనే వచ్చింది. చోటు చాలనప్పుడు ఏం చేయాలి అని అడిగి, ఒక్క సున్నాని అయిదు బోర్లకి గుర్తుగా పెట్టుకుందాం అన్నాను. చార్టు కింద ఒక మూల ఆ మాట రాయించాను.

అప్పుడు వెనక వరసలోంచి ఒక పిల్ల లేచి నిలబడింది. వాళ్ళది వినగడప వైపు నుంచి వచ్చిన కుటుంబం. తల్లీ తండ్రీ తోట కాపలాకి కుదిరి, తోటలోనే రేకుల షెడ్డులో ఉండేవాళ్ళు. ఆ పిల్ల రోజూ తోటల్లోంచి అడ్డదారిన, తమ్ముణ్ణి చంకనేసుకుని వచ్చేది. వాణ్ణి మా పక్కనే ఉన్న అంగన్‌వాడీలో దించి, వచ్చి తన చోట కూర్చునేది. అడిగితే తప్ప మాట్లాడేది కాదు.

"టీచర్, ఒక సున్నా వేస్తే మిగతా నాలుగూ కనపడవు కదా," అంది.

కనపడవు గానీ అవి ఆ సున్నాలోనే ఉన్నట్టు లెక్క అని చెప్పాను.

"మూత వేసినవైనా వెయ్యనివైనా ఒకటే సున్నానా?"

మూతేమిటో నాకర్థం కాలేదు. దేనికి మూత అని అడిగాను. ఆ పిల్ల జవాబు చెప్పేలోగా మిగతావాళ్ళంతా ఒకేసారి మొదలుపెట్టారు. మా దాని మీద బండరాయి ఉంది. మా దాని మీద గోనెసంచి పరిచి చుట్టూ మట్టిపెళ్ళలు పెట్టారు. మాది తాటాకు. మా దాని మీద ఏమీ లేదు, గడ్డి మొలిచింది. నీళ్ళు పడకపోతే లోపల దింపిన పైపు పీకేసి ఇంకో చోటుకి పట్టుకుపోతారని వాళ్ళే చెప్పారు. పైపు లేని బొక్క మొదట్లో జానెడే ఉంటుంది. వానలకి అంచులు విరిగి లోపల పడతాయి, నోరు పెద్దదవుతుంది. ఒక పిల్లవాడు, అందులో రాయి వేసి చెవిపెట్టి వింటామనీ, ఎంతసేపు విన్నా చప్పుడు రాదనీ సరదాగా చెప్పాడు. వంగి చూస్తే ఏం కనిపిస్తుందని అడిగాను.

"ఏం కనపడదు టీచర్. చల్లగా ఉంటుంది," అన్నాడు.

 ఆ చార్టు మీద పరిచిన సున్నాలు చూస్తుంటే, అవి గుర్తులు కావనీ, మా బడి వెనక చెట్ల కింద అచ్చంగా అలాగే నోళ్ళు తెరుచుకుని ఉన్నాయనీ అప్పుడు తట్టింది. 

మర్నాడు కడ్డీల లెక్క. నీళ్ళు లేని బోర్లనే మళ్ళీ విడదీద్దాం అన్నాను. మూత ఉన్నవి, మూత లేనివి. అన్ని కడ్డీలూ ఒకే వెడల్పు ఉండాలనీ, మధ్యలో ఖాళీ సమానంగా ఉండాలనీ, అన్నీ ఒకే గీత మీంచి లేవాలనీ చెప్పాను. పిల్లలు లెక్కపెట్టుకుంటూ చాలా చోట్ల ఆగిపోయారు. తాటాకు వేశారు గానీ ఇప్పుడుందో లేదో. పోయిన ఏడు చూశాం, ఇప్పుడా చోటు ఎక్కడో గుర్తు లేదు. ఏమో టీచర్. ఏమో టీచర్. అందుకని మూడో కడ్డీ ఒకటి గీయించి, దాని కింద తెలియదు అని రాయించాను. అన్నిటికన్నా ఎత్తుగా లేచింది అదే. దానికి ఏ రంగు వేయాలని అడిగారు. మీ ఇష్టం అన్నాను. స్కెచ్ పెన్ను పాలిపోయేదాకా నలుపు వేశారు.

చార్టు గోడకి తగిలించాం. హెడ్మాస్టరు గారు వరండాలోంచి వస్తూ దాని ముందు ఆగారు. చాలాసేపు చూశారు. దగ్గరికెళ్ళి కింద రాసిన మాటలు చదివారు.

"ఇది తీసెయ్యండి మేడం," అన్నారు.

ఎందుకని అడిగాను. ఇక్కడి రైతుల సంగతి మీకు తెలియదు, బడివాళ్ళు మా పొలాలు సర్వే చేస్తున్నారని అనుకుంటారు, రేపు పిల్లల్ని పంపడం మానేస్తారు అన్నారు. మాట్లాడుతున్నంతసేపూ చార్టువైపే చూశారు. తర్వాత తనే మేకులు ఊడదీసి, చార్టు చుట్టచుట్టి బీరువా మీద పెట్టేశారు.

ఆయన అన్నట్టే అయింది. ఆ రోజు బడి వదిలే వేళకి గేటు ముందు బైకు ఆగింది. దిగినాయన రాయి వేసి వింటామని చెప్పిన పిల్లవాడి తండ్రి. తెల్లచొక్కా, చేతిలో సెల్లు. నవ్వుతూనే నమస్కారం పెట్టాడు.

"పిల్లల చేత మా బోర్లు లెక్కేయిస్తున్నారంట."

పాఠం కోసమండి అన్నాను.

"పాఠానికైతే మామిడికాయలు లెక్కేయించండి మేడం గారూ. బోర్ల సంగతి మేం చూసుకుంటాం."

ఆ నవ్వు అలాగే ఉంది. వెళుతూ కొడుకు తల మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి పడగానే పిల్లవాడు నేల చూపులు చూశాడు. వాణ్ణి ముందు కూర్చోబెట్టుకుని బైకు తిప్పాడు. వాడు వెనక్కి తిరిగి చూడలేదు.

మర్నాడు తరగతిలోకి వెళ్ళగానే, నేను అడక్కపోయినా ఒక పిల్ల లేచి, మా బోర్లన్నీ పూడ్చేశారు టీచర్ అంది. ఆమె కూర్చోగానే ఇంకొకరు లేచారు. అదే మాట. తర్వాత ఇంకొకరు. పద్యం అప్పజెప్పినట్టు ఒక్క అక్షరం తేడా లేకుండా అందరూ అదే చెప్పారు. నిన్నటి కడ్డీలు ఒక్క రాత్రిలో మారిపోయాయి. మూత లేనివీ లేవు, తెలియనివీ లేవు. ఉన్నది ఉన్నట్టు రాయాలి, మనకి నచ్చినట్టు కాదు అని పాఠం మొదట్లోనే చెప్పి ఉన్నాను. ఆ పిల్లల ముఖాలు చూస్తూ ఆ మాట మళ్ళీ చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఇంట్లో ఏం చెప్పించుకుని వచ్చారో, ఎలా చెప్పించుకుని వచ్చారో.

హెడ్మాస్టరు గారు గుమ్మంలో నిలబడి వింటున్నారు. చివరికి కాపలావాళ్ళ పిల్ల మిగిలింది. నేను అడగలేదు. తనే లేచింది.

"మేం వచ్చే దారిలోవి అలాగే ఉన్నాయి టీచర్."

హెడ్మాస్టరు గారు కూర్చో అన్నారు. నెమ్మదిగానే అన్నారు గానీ ఆ పిల్లవైపు చూడలేదు.

బడి వదిలాక ఆ పిల్లని గేటు దగ్గర ఆపాను. తమ్ముణ్ణి చంకనేసుకుని ఉంది. వాడు నడిచే వయసువాడు, బరువుగా కూడా ఉంటాడు. ఇంత పిల్లాణ్ణి ఎందుకు మోస్తావు, నడిపించు అని అంతకుముందు నేను కసిరిన రోజులున్నాయి. ఆ రోజు మళ్ళీ ఎందుకని అడిగాను. దించితే పరిగెత్తుతాడు టీచర్ అంది. రోడ్డు వచ్చేదాకా వాణ్ణి కిందికి దించదట. ఎక్కడెక్కడ ఉన్నాయో తనకి తెలుసు, వాడికి తెలియదు.

ఆ తర్వాత నాకు నేల మీద చూపు పడితే వెనక్కి వచ్చేది కాదు. ఆటోలో వస్తూ తోటల్లోకి చూసేదాన్ని. చెట్ల నీడ తప్ప ఏమీ కనిపించేది కాదు. మా బడి ప్రహరీ వెనకవైపు కూలి చాలా కాలమైంది, బంతి అటు పడితే పిల్లలు ఆ సందులోంచి దూకి తెచ్చుకునేవాళ్ళు. బంతులు బీరువాలో పెట్టి తాళం వేశాను. పిల్లలు నామీద అలిగారు. హెడ్మాస్టరు గారి దగ్గర బోర్ల సంగతి రెండుసార్లు ఎత్తాను. చూద్దాంలెండి, కాపు అయిపోనివ్వండి అన్నారు. ఆయన మాట్లాడ్డం తగ్గిపోయింది. ఒకసారి తరగతిలోంచి బయటికి చూస్తే, కూలిన ప్రహరీ దగ్గర ఒంటరిగా నిలబడి తోటల్లోకి చూస్తున్నారు.

కాయలు కోతకొచ్చే ముందు ఒక సాయంత్రం గాలివాన వచ్చింది. ఊళ్ళో రేకులు లేచాయి, కరెంటు పోయింది. పొద్దున్నే బడికి వెళితే రోడ్డు నిండా కొమ్మలు. ఫోనులో హాజరు వేద్దామని చూస్తే తరగతి గది బోసిగా ఉంది. వచ్చిన కొద్దిమందీ ఒళ్ళో పచ్చికాయలు పెట్టుకుని కూర్చున్నారు. మిగతావాళ్ళంతా రాలిన కాయలు ఏరుకోవడానికి తోటల్లోకి వెళ్ళారట. తెల్లవారకముందే సంచులు పట్టుకుని పోయారట. కాపలావాళ్ళ పిల్ల రాలేదు. అంగన్‌వాడీకి వెళ్ళి అడిగాను. తమ్ముడూ రాలేదని ఆయా చెప్పింది.

అక్కడే నిలబడిపోయాను. గోనెసంచులు, తాటాకులు, చుట్టూ పెట్టిన పెళ్ళలు. ఊళ్ళో రేకులే ఆగని గాలికి అవెక్కడ ఆగుతాయి. ఉన్న మూతలు ఎగిరిపోయి ఉంటాయి, రాలిన ఆకు నేలంతా కప్పేసి ఉంటుంది. పిల్లలు కాయల కోసం పైకీ కిందికీ చూస్తూ పరిగెత్తుతూ ఉంటారు.

హెడ్మాస్టరు గారు అప్పుడే వచ్చి బండి స్టాండు వేస్తున్నారు. చెప్పాను. ఏ తోటల్లోకి వెళ్ళారు అని మాత్రం అడిగారు. ఉన్న పిల్లల్ని ఆయాకి అప్పగించి, పాంటు మడిచి, విరిగిన కొమ్మ ఒకటి చేతపట్టుకుని కూలిన ప్రహరీ దాటారు. నేను ఆయన అడుగుల్లో అడుగులు వేసుకుంటూ వెనకాలే నడిచాను. అడుగు వేసే ముందు ఆయన కొమ్మతో నేల పొడిచి చూసుకుంటున్నారు.

లోపల మట్టి కనపడలేదు. ఆకులు, పుల్లలు, చితికిన కాయలు. మామిడి జీడి వాసన. నాలుగు పక్కలా పిల్లల మాటలు వినపడుతున్నాయి గానీ మనుషులు కనపడ్డం లేదు. ఎవరో నవ్వుతున్నారు, ఎవరో ఇది నాది అంటున్నారు. అటూ ఇటూ పరుగుల చప్పుడు. ఆ చప్పుడులో ఏదన్నా ఒకటి ఉన్నట్టుండి ఆగిపోతే ఎలా తెలుస్తుంది అనిపించింది.

ఆయన గొంతెత్తి పిలిచారు. అంత పెద్దగా పిలవగా నేనెప్పుడూ వినలేదు.

"ఎక్కడివాళ్ళు అక్కడే నిలబడండి. ఎవరూ కదలొద్దు."

తోట నిశ్శబ్దమైపోయింది. ఒక్కొక్క చెట్టు దగ్గరికీ వెళ్ళి, దొరికినవాళ్ళని చెయ్యి పట్టుకుని గట్టు మీదికి చేర్చాం. బైకాయన కొడుకు కూడా వాళ్ళలో ఉన్నాడు. కాపలావాళ్ళ పిల్ల ఏది అని అడిగాను. వాడు చెయ్యి చాపి ఇంకా లోపలికి చూపించాడు. అటు నుంచే ఏడుపు వినిపిస్తోంది. చిన్నపిల్లవాడి ఏడుపు, సన్నగా, ఆగకుండా. పైనుంచి వస్తోందో కిందనుంచి వస్తోందో నాకు తెలియలేదు. హెడ్మాస్టరు గారు ఒక్క క్షణం ఆగారు.  పిల్లలు మమ్మల్నే చూస్తున్నారు. మళ్ళీ నడిచాం.

ఆ చిన్నవాణ్ణి మామిడి మొదలుకి కట్టేసి ఉంది. పాత చీరముక్క నడుము చుట్టూ తిప్పి, వెనక చెట్టుకి రెండు ముళ్ళు వేసి ఉంది. వాడు గింజుకుంటూ ఏడుస్తున్నాడు. వాడికి అందనంత దూరంలో అక్క నేల మీద కూర్చుని ఉంది. జుట్టు నిండా ఆకు. ఒళ్ళో ఒక కర్ర. ఆమె ముందు చాటంత వెడల్పున నల్లగా బొక్క. అంచున ఉన్న తడి మట్టి కొంచెం కొంచెంగా లోపలికి జారుతోంది. చప్పుడు లేదు.

నేను వెళ్ళి ఆ పిల్ల జబ్బ పట్టుకుని వెనక్కి లాగాను. 

"సంచి ఎగిరిపోయింది టీచర్," అంది. "అమ్మావాళ్ళు అవతలి తోటకి వెళ్ళారు. పిల్లలంతా ఇటే పరిగెత్తుతున్నారు. అందుకని కూర్చున్నా."

మూయడానికి రాయి వెతికితే దొరకలేదని చెప్పింది. అది తప్పు చేసినట్టు చెప్పింది.

తెల్లవారినప్పటి నుంచీ అక్కడే ఉందట. ఎవరైనా దగ్గరికొస్తే కర్ర ఆడించి అటు పొమ్మనేదట. కాయలన్నీ నీకే కావాలా అని కొందరు తిట్టిపోయారట.

 హెడ్మాస్టరు గారు చిన్నవాడి ముళ్ళు విప్పబోయారు గానీ అవి బిగుసుకుపోయి ఉన్నాయి. నేనే విప్పాను. ఆయన ఆ తడి ఆకుల్లోనే కూర్చుండిపోయారు.

"ఇది మా తోటే అమ్మా," అన్నారు.

వాళ్ళు ఎవరి తోటలో కాపలా ఉంటున్నారో నేనెప్పుడూ అడగలేదు. ఆయన నేలవైపు చూస్తూ చెప్పారు. బోరు వేయించారు, పడలేదు, పైపు పీకించారు. సంచి తన చేతులతోనే పరిచారు. కాపు అయ్యాక పూడ్పిద్దాం అనుకున్నారు. ఆ కాపూ అయింది, ఆ తర్వాతదీ అయింది. ఇటు వచ్చినప్పుడల్లా సంచి సర్ది వెళ్ళేవారు. "ఆ పిల్లని నేను కూర్చో అన్నాను," అన్నారు.  కోపం వచ్చింది, జాలీ వేసింది. రెంటిలో ఏది చెప్పినా ఆ పిల్ల వింటుంది. చిన్నవాణ్ణి ఎత్తుకున్నాను.

ఆయన అక్కణ్ణించే ఫోను చేసి ట్రాక్టరుతో మట్టి తెప్పించారు. ఈలోగా తల్లి పరిగెత్తుకుంటూ వచ్చింది. ముందు, పిల్లాడి నడుము ఒరుసుకుపోయేలా కట్టేశావేంటని కూతుర్ని కసిరింది. తర్వాత ఆ బొక్కనీ, హెడ్మాస్టరు గారినీ చూసింది.  కూతుర్ని దగ్గరికి లాక్కుని అక్కడే కూలబడింది. ఆయన తల వంచుకున్నారు.

పారలతో మట్టి తోస్తుంటే అది వెళ్ళిపోతూనే ఉంది. అడుగున పడిన చప్పుడు ఎంతసేపటికీ రాలేదు. ఒక ట్రాక్టరు చాలుతుందనుకున్నది చాల్లేదు, లోపల ఎంత మేర కూలి ఖాళీ అయి ఉందో. ఇంకోటి వచ్చాక, మధ్యాహ్నం ఎండలో, మట్టి పైదాకా వచ్చి నిలిచింది. దిమ్మిస కొట్టి గట్టిచేసి వెళ్ళాం. మర్నాడు వెళ్ళి చూస్తే మోకాలి లోతున దిగిపోయి ఉంది. మళ్ళీ పోశారు. ఇంకొన్నాళ్ళు అలా దిగుతూనే వచ్చింది.

ఆ వారంలోనే ఆయన బీరువా మీంచి చార్టు దించి నా చేతికిచ్చారు. పూడ్చిన బోరుని తెలియదులోంచి తీసి మూత ఉన్నవాటిలో కలపాలంటే ఎలా అని పిల్లల్ని అడిగారు. నలుపు చెరగదు సార్, మొత్తం మళ్ళీ గీయాలి అన్నారు పిల్లలు. కొత్త చార్టు గీశారు. ఈసారి ఆయన దగ్గరుండి మేకులు కొట్టారు. సెలవు రోజుల్లో మేమిద్దరం రైతుల ఇళ్ళకి వెళ్ళాం. తన తోటలో జరిగింది ఆయనే చెప్పేవారు, దాచకుండా. కొందరు ఆ పూటే మనుషుల్ని పెట్టి పూడ్పించారు. కొందరు టీ ఇచ్చి, చేయిస్తాం మాస్టారూ అన్నారు. బైకాయన గుమ్మంలోనే నిలబడి, మావి ఎప్పుడో అయిపోయాయండి అన్నాడు. చూడొచ్చా అని అడిగితే నవ్వాడు. కొన్నాళ్ళకి ఆయన తోట చుట్టూ ముళ్ళతీగ లేచింది, దాని మీద ఆకుపచ్చ పరదా. లోపల ఏముందో రోడ్డు మీంచి కనపడదు. ఆయన కొడుకుని తరగతిలో ఏం అడిగినా చెబుతాడు, బోర్ల మాట వస్తే మాత్రం పుస్తకంలోకి వంగుతాడు.

కాపు అయిపోగానే కాపలావాళ్ళు సత్తుపల్లి అవతల ఇంకో తోటకి వెళ్ళిపోయారు. తల్లి ఇక్కడ ఉండనందట. పిల్ల టీసీ కోసం వచ్చింది, తమ్ముడు చంకలో ఉన్నాడు. అక్కడ కూడా బోర్లుంటాయా అని అడిగాను.

"వెళ్ళి చూసుకోవాలి టీచర్," అంది.

హెడ్మాస్టరు గారు రిటైరయ్యారు. అప్పుడప్పుడు బడి ముందు బండి ఆపి పలకరించి వెళతారు. తోట అమ్మేస్తానంటున్నారు. ఈ ఏడూ నాలుగో తరగతికి ఆ పాఠం బోర్లతోనే చెప్పాను, మొదట్లోనే మూడు కడ్డీలతో. ఆ చెప్పే రోజునే బడి వెనక బోరు లారీ మోత మొదలైంది. కిటికీలు అదిరాయి. ఆకుపచ్చ పరదా ఉన్న వైపు నుంచి రాతిపొడి తెల్లగా చెట్ల మీదికి లేచింది. నా మాట పిల్లలకి వినపడలేదు, చెప్పడం ఆపాను. నీళ్ళు పడితే అక్కడివాళ్ళు వేసే కేక మా దాకా వినపడుతుంది. పిల్లలు పెన్నులు పట్టుకుని దానికోసం ఎదురుచూశారు. మోత ఒక్కసారిగా ఆగింది. కేక రాలేదు. ఇనుప పైపులు ఒకదానికొకటి తగులుతున్న చప్పుడు మాత్రం కాసేపు వచ్చింది.

లాంగ్ బెల్ కొట్టారు. నేను గేటు దగ్గర నిలబడి, రోడ్డు మీదుగానే వెళ్ళండని ఒక్కొక్కరికీ చెప్పాను. అందరూ తలలూపారు. రోడ్డెక్కి, మలుపు దాకా బుద్ధిగా నడిచి, అక్కణ్ణించి తోటల్లోకి దిగిపోయారు.